మొదటి మూడు పాఠాలు

ఏడో లాకు పుస్తకం. రాస్తున్నది శేషారత్నం, లాకు మనిషి.

పరీక్షకి 40 రోజులు. ఉప్పు 2.1

ఈ పుస్తకంలో నీటిమట్టం, ఉప్పు, తలుపు ఎత్తిన వేళ, దించిన వేళ తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అవే రాశాను. ఇన్నాళ్ళలో దీన్ని ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. కాబట్టి ఇకనుంచి నాకు తోచింది కూడా రాస్తాను.

ఉదయం పడవలో కొత్త తలుపుల పాఠాలు వచ్చాయి. తలుపులు పోయిన ఏడాదే వచ్చేశాయి. పాత తలుపుల పక్కనే, సీళ్ళు వేసుకుని, ముక్కాలు వంతు నీళ్ళలో మునిగి నిలబడి ఉన్నాయి. వాటిని నడపడం వచ్చిన మనిషి లాకు మీద ఉంటే తప్ప సీలు తియ్యరు. పాత తలుపుల అడుగు చూస్తే తుప్పు తినేసింది. పోటు వచ్చిన ప్రతిసారీ ఆ సందులోంచి సముద్రం కాలవలోకి దూరుతోంది. ఉప్పు మీటరు నాలుగు దాటితే కాలవ చివరున్న మూడు లంకల్లో వరి నారు బతకదు. ఆపైన ఏడో లాకు మూసేసి ఆ లంకల్ని సముద్రానికి వదిలేస్తారు. మూడో లాకుకీ ఐదో లాకుకీ అదే జరిగింది. అక్కడ పొలాలుండేవని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు.

పద్నాలుగు పాఠాలు. నూటికి డెబ్బై రావాలి. నాకు యాభై ఆరేళ్ళు.

నా మెడలో కార్డు నీలం రంగుది, అంటే నాది చూపు రీతి. ఏడేళ్ళప్పుడు ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చారు. అందరికీ అంతే. చూపు, వినికిడి, చేత, రాత, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. ఏ రీతి మనిషికి ఆ రీతిలోనే పాఠం. మందుబిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో కూడా నాకు బొమ్మలుగానే వస్తుంది. తలుపుల పాఠాలూ బొమ్మలే వచ్చాయి. రంగులు మాత్రం బాగున్నాయి.

36 రోజులు. ఉప్పు 2.2

మూడో పాఠం అయింది. మొదటి పాఠం పోయింది. బొమ్మ చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. బొమ్మ మూసి, గొలుసులకి గ్రీజు రాయడానికి వెళ్ళేసరికి ఎర్ర గీత ఎటు పోయిందో, పచ్చ గీత ఎందుకు గీశారో గుర్తుండదు.

మధ్యాహ్నం వీరవేణి వచ్చింది. కాలవ చిట్టచివర కొసలంకలో రెండెకరాల రైతు, ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. మెడలో కార్డు లేదు. లంకల దాకా రీతి తేల్చే కేంద్రం వాళ్ళెవరూ ఎప్పుడూ వెళ్ళలేదు. చేతిలో గ్లాసుడు కాలవనీళ్ళు తెచ్చి రుచి చూడమంది. చూశాను. ఉప్పగానే ఉన్నాయి.

"నారు పోసి తొమ్మిది రోజులయ్యిందండి. కొసలు ఎర్రబడిపోతన్నాయి. మీకేం నేర్పుతున్నారండి పిన్నిగారూ?"

"అవి నీతో మాట్లాడకూడదమ్మా. రీతి లేనివాళ్ళతో పాఠం మాట్లాడితే నా రీతి చెడుతుంది."

"చెడితే ఏవవుతాదండి?"

"ఏమో. చెడుతుందన్నారు."

ఆమె గ్లాసు కడిగి తీసుకుని వెళ్ళిపోయింది. మంచి ప్రశ్నే అడిగింది. యాభై ఏళ్ళలో నాకెందుకు తట్టలేదో.

33 రోజులు. ఉప్పు 2.4

పడవెక్కి రీతి నిర్ధారణ కేంద్రానికి వెళ్ళాను. మా వాళ్ళందరం ఇంతే. పాఠం బుర్రకెక్కకపోతే మళ్ళీ చదువుదాం అనుకోం. రీతి తప్పుపడిందేమో అని పడవెక్కుతాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అక్కడి వరస పరీక్ష హాలు ముందు వరస కంటే ఎప్పుడూ పొడుగే.

అధికారి సోమరాజుగారు. చాలా మంచి మనిషి, అది రాసి తీరాలి. దీపాలు చూపించారు, గంటలు వినిపించారు, బంకమట్టి నొక్కమన్నారు, ఏదో చదివించారు. ఆఖరికి కళ్ళజోడు తీసి, "అమ్మా, మీకు అన్యాయం జరిగింది. మీరసలు చూపు మనిషే కాదు, వినికిడి మనిషి" అన్నారు.

నేను అక్కడే ఏడ్చేశాను. లెక్కల్లో తప్పిన మార్కులు, తిన్న దెబ్బలు, నర్సు చదువుకి పోలేకపోవడం, ఏదీ నా తప్పు కాదట. అంత తేలికగా నాకు జన్మలో ఎప్పుడూ అనిపించలేదు. పసుపు కార్డు వేసుకుని మూడు గంటలు పడవలో నవ్వుకుంటూ వచ్చాను.

27 రోజులు. ఉప్పు 2.6

రీతి మారితే పాఠాలు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పాత ముద్ర చెరగాలని రూలు. చెవుల్లో పరికరం పెట్టుకుని గొలుసులు తుడుస్తూ విన్నాను, అన్నం వండుతూ విన్నాను. గొంతు ఎంత తియ్యగా ఉందంటే రెండుసార్లు కుర్చీలోనే నిద్రపోయాను, ఒకసారి అన్నం మాడింది. మూడు పాఠాలయ్యాయి. ఏం విన్నావు అని నన్ను నేను అడుగుదామంటే భయం వేసింది. అడగలేదు.

22 రోజులు. ఉప్పు 2.8

మళ్ళీ పడవ, మళ్ళీ వరస. ఈసారి చేత రీతి అని తేలింది. సోమరాజుగారు నా రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నేళ్ళు చక్రాలు తిప్పిన చేతులు కదమ్మా, మనకి ముందే తట్టాల్సింది" అన్నారు. నిజమే అనిపించింది. నిన్నటిదాకా వినికిడీ నిజమే అనిపించింది.

ఎర్ర కార్డు. బొమ్మ తలుపుల పెట్టె నాలుగు రోజుల్లో వస్తుందట. ఈ నాలుగు రోజులూ ఏం చెయ్యాలని అడిగితే, చేతులకి విశ్రాంతి ఇవ్వమన్నారు.

17 రోజులు. ఉప్పు 3.0

పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. చెక్క తలుపులు, సన్న గొలుసులు, చిన్న తొట్టి. ముచ్చటగా ఉంది. మొదటి మూడు పాఠాలకి సరిపడా ముక్కలే ఉన్నాయి. మిగతావి తరవాత పంపుతారట. ఆ మూడూ చేశాను, తీసేశాను, మళ్ళీ చేశాను.

వీరవేణి వచ్చి గట్టు మీద కూర్చుంది. నారు సగం పోయిందని చెప్పింది. ఆ మాట ఏడుస్తూ చెబితే ఏమైనా అనగలిగేదాన్ని. మామూలుగా చెప్పింది.

12 రోజులు. ఉప్పు 3.2

నాలుగో కార్డు కూడా మెడలో పడింది. తెలుపు. రాత రీతి. చదువుకోవడానికి అట్టకట్టిన పుస్తకం ఇచ్చారు. మొదటినుంచి మొదలుపెట్టి మూడు పాఠాలు చదివాను. వెళ్ళడానికి ఇంకో రీతి మిగల్లేదు.

వీరవేణి వచ్చేసరికి లాకు మెట్ల మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఊరికే నీళ్ళకేసి చూస్తున్నాను. నా మీద నాకే రోతగా ఉంది. ఆమె అడక్కుండానే పుస్తకం తీసుకుంది. చదువు వాళ్ళమ్మ నేర్పిందట, కూడబలుక్కుని చదువుతుంది.

"పోటు ఎక్కుతుండగా రెండో తలుపు సగంలో ఇరుక్కుపోయిందనుకోండి. ఏం చేత్తారండి?"

"రీతి చెడుతుందమ్మా."

"నాలుగూ చెడిపోయినియ్యి కదండి. ఇంకేటి చెడుతాది?"

సరే అని తలుపు సంగతి చెప్పాను. బలవంతంగా దించకూడదు. వెనకున్న మొదటి తలుపు ముందు దించాలి. రెండు తలుపుల మధ్య నీళ్ళు సమానమయ్యేదాకా ఆగాలి. అప్పుడు చక్రం చేత్తో తిప్పితే దానంతటది జారుతుంది. ఎందుకు ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగకపోతే ఏ గొలుసు తెగుతుందో కూడా చెప్పాను. తడుముకోలేదు. ఆమె పుస్తకంలో వేలు పెట్టి చూస్తూ, "అన్నీ ఉన్నాయండి, ఆయ్" అంది.

ఇంకోటి అడిగింది, చెప్పాను. మొదటి మూడు పాఠాల్లో ఏ మూల అడిగినా చెప్పాను. నాలుగో పాఠంలోది అడిగింది. అది ఏ రీతిలోనూ తెరిచింది లేదు.

అప్పుడు తెలిసింది. ఏ రీతీ నాకు ఏమీ నేర్పలేదు. ఒకే మూడు పాఠాల్ని చూశాను, విన్నాను, చేశాను, చదివాను. నాలుగుసార్లు పోగొట్టుకుని నాలుగుసార్లు తెచ్చుకున్నాను కాబట్టి అవి వచ్చాయి. ఇరవై ఎనిమిది రోజులు నేనెలాంటి మనిషినో వెతుక్కుంటూ తిరిగాను. ఆ రోజుల్లో పద్నాలుగు పాఠాలూ రెండేసిసార్లు అయ్యేవి.

"నువ్వు పొలం పని ఎలా నేర్చుకున్నావు?" అని అడిగాను.

"ఎలాగేంటండి. చేసేను, పోయింది. మళ్ళీ చేసేను."

9 రోజులు. ఉప్పు 3.3

వీరవేణి రోజూ పొద్దున్న వస్తోంది. నేను ఆ ముందురోజు చదివింది ఆమె అడుగుతుంది. నేను చెబుతాను, తప్పుతాను. తప్పితే జవాబు చెప్పదు, మళ్ళీ అడుగుతుంది. మహా మొండిది. గ్రీజు రాస్తుంటే అడుగుతుంది, మీటరు చూస్తుంటే అడుగుతుంది. తెలియని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టి, ఇదెందుకండి అంటుంది. ఇందులో తియ్యదనం ఏమీ లేదు. బొమ్మలు చూసినప్పుడు తెలిసినట్టు ఉండేది, ఇప్పుడు ప్రతి పూటా ఏమీ తెలియనట్టు ఉంది. తల దిమ్మెక్కిపోతోంది. కానీ నాలుగో పాఠం నిలబడింది, ఐదూ ఆరూ నిలబడ్డాయి.

2 రోజులు. ఉప్పు 3.4

పదో పాఠం దాకా వచ్చాం. ఇంకా నాలుగున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది నా పని.

పరీక్ష. ఉప్పు 3.5

అరవై నాలుగు.

పది పాఠాల్లో దాదాపు అన్నీ రాశాను. ఆఖరి నాలుగూ తెల్లకాగితం. తప్పినవాళ్ళు ఏడాది దాకా మళ్ళీ రాయకూడదు. లాకుకి మాత్రం పన్నెండు రోజుల్లో ఇంకో పరీక్ష పెడతారు, రాసే కొత్త మనిషి ఎవరైనా ఉంటే.

బయట సోమరాజుగారు కనిపించారు. నా మొహం చూసి నిజంగా బాధపడ్డారు. "ఇంకొక్కసారి రీతి చూద్దామా అమ్మా? ఈ మధ్య మిశ్రమ రీతి అని కొత్తది వచ్చింది" అన్నారు.

"నాకొద్దు బాబూ. కార్డు లేని మనిషికి రీతి తేల్చాలంటే ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు. ఎవరికమ్మా?"

పరీక్ష రాయాలంటే కార్డు ఉండాలి. ఏ రంగుదైనా ఫరవాలేదు.

పరీక్ష తరవాత 2వ రోజు. ఉప్పు 3.5

వీరవేణి మొదట ఒప్పుకోలేదు. "నేను పొలం మనిషినండి. పుస్తకం చూసి అడిగేను గాని, నాకేటి తెలుసండి?"

పుస్తకం నా వెనక దాచి ఏడో పాఠంలోది అడిగాను. చెప్పింది. తొమ్మిదోది అడిగాను. నేను తప్పిన చోటు కూడా సరిగ్గా చెప్పింది. నన్ను అడగడానికి ఎన్నిసార్లు చదివిందో, నా తప్పులు ఎన్నిసార్లు పట్టుకుందో, పాపం ఆమె లెక్కపెట్టుకోలేదు. చెప్పడం అయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కేంద్రానికి తీసుకెళ్ళాను. దారిలో, "ఏ రంగు ఇచ్చినా తీసుకో, పట్టించుకోకు" అని మరీ మరీ చెప్పాను. వినికిడి అన్నారు. పసుపు కార్డు.

5వ రోజు. ఉప్పు 3.6

నేను చెప్పింది ఆమెకి ఎక్కలేదు. తప్పు ఆమెది కాదు. ముప్పై ఏళ్ళు మెడ బోసిగా తిరిగిన మనిషికి, నువ్వు ఫలానా అని ఒకరు రాసిచ్చారు. ఆ రోజు కేంద్రంలో నేను ఏడ్చాను, ఆమె కార్డుని తాకి తాకి చూసుకుంటోంది. చెవుల్లో పరికరం పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటోంది. పాఠం అడుగుదామని దగ్గరికి వెళ్ళాను.

"అడక్కండి పిన్నిగారూ. రీతి చెడిపోద్దన్నారండి."

ఆ మాట నేర్పింది నేనే. వెనక్కి వచ్చి మీటరు చూసుకున్నాను.

7వ రోజు. ఉప్పు 3.7

ఈ రోజు నాకు కోపం వచ్చింది. చాలా ఏళ్ళయింది ఇంత కోపం వచ్చి.

పొద్దున్న వీరవేణి పడవ రేవు వైపు వెళుతుంటే ఎక్కడికని అడిగాను. రెండో పాఠంలోనే ఉన్నానండి, బుర్రకెక్కట్లేదండి, నాది వినికిడి కాదేమోనండి, ఓసారి చూపించుకుని ఎల్లొత్తానండి, అంది. అచ్చం నా మాటలే. నేను వెళ్ళి ఆమె చెవుల్లోంచి ఆ పరికరం లాగి లాకులోకి విసిరేశాను.

ఆమె నీళ్ళలోకి వంగి చూసింది. "అది ఆఫీసుదండి" అంది.

"మునగనీ. పదకొండో పాఠం. మోటారు ఆగిపోయింది, పోటు ఎక్కుతోంది, ఏం చేస్తావు?"

"అక్కడిదాకా రాలేదండి."

"పాఠం రాకపోతే పోటు ఆగుతుందా? మీటరు నాలుగైంది. నీ మడిలో ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. చెప్పు, ఏం చేస్తావు?"

"నాకు తెలీదండి. తప్పు చెప్తాను."

"చెప్పు. అరవై నాలుగు తెచ్చుకుని తప్పినదాన్ని. నా దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర తప్పు చెబుతావు?"

ఆమె గట్టు మీద కూలబడి ఏడ్చింది. భయంగా ఉందండి, పొలం పోద్దేమోనని రోజూ భయంగా ఉందండి, ఆ చెవుల్లో గొంతు వింటే కాసేపు భయం ఉండదండి, అంది. నేనూ పక్కన కూర్చున్నాను. నాకూ అంతే అయిందని చెప్పాను. కేంద్రానికి పోయింది నేర్చుకోవడానికి కాదని, ఇంక నేర్చుకోనక్కర్లేదన్నట్టు ఒక పూట హాయిగా ఉంటుందని పోయానని చెప్పాను. ఈ మాట ఇంతకుముందు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

మొహం కడుక్కుని వచ్చి, మోటారు ఆగితే ఏం చెయ్యాలో చెప్పింది. తప్పు చెప్పింది. మళ్ళీ అడిగాను.

11వ రోజు. ఉప్పు 3.8

నాకు రాని నాలుగు పాఠాలూ ఇద్దరం కలిసే చదివాం. ఆమె నన్ను అడుగుతుంది, నేను ఆమెని అడుగుతాను. వచ్చినవి కూడా వదల్లేదు. నిన్న చెప్పింది ఈ రోజు మర్చిపోతే తిట్టాను. నేను తిట్టే రకం కాదు గాని, ఉప్పు మీటరు చూసినప్పుడల్లా నోరు దానంతటదే లేచింది. గొంతు బొంగురుపోయింది. అలసిపోయాను. రేపు పరీక్ష.

12వ రోజు. ఉప్పు 3.9

ఎనభై ఎనిమిది.

16వ రోజు. ఉప్పు 3.1

మొన్న సీళ్ళు తీశారు. ఆ మధ్యాహ్నం పోటుకి వీరవేణి మొదటిసారి కొత్త తలుపులు దించడం మొదలుపెట్టింది. రెండోది సగంలో ఆగింది. అందరూ నావైపు చూశారు, నేను ఆమెవైపు చూశాను. ఆమె మొదటి తలుపు దించి, చేతులు కట్టుకుని, నీళ్ళు సమానమయ్యేదాకా నిలబడింది. ఆఫీసు నుంచి వచ్చినాయన తొందరపడి చక్రం మీద చెయ్యి వెయ్యబోతే, "ఉండండి బాబుగారూ" అని ఆపింది. తరవాత తిప్పితే జారింది. ఆ రాత్రి పోటుకి ఒక్క చుక్క కూడా కాలవలోకి రాలేదట. కొసలంకలో మళ్ళీ నారు పోస్తున్నారు.

లాకు మనిషి ఇప్పుడు ఆమే. క్వార్టరు కూడా ఆమెదే గాని, పొలం వదిలి రానంది. అందుకని నేనే ఉంటున్నాను. ఈ పుస్తకం రేపటినుంచి ఆమె రాస్తుంది.

ఈ రోజు సోమరాజుగారు వచ్చారు. రీతి లేని లంకల మనిషి, రీతి తేలిన పది రోజుల్లో ఎనభై ఎనిమిది తెచ్చుకుందని పైదాకా వెళ్ళిందట. అందుకని లంకల వాళ్ళందరికీ రీతి నిర్ధారణ శిబిరం ఇక్కడే, లాకు గట్టు మీదే పెట్టారు. పొద్దుటికే మూడు లంకల జనం వరస కట్టేశారు. నారు పోసే పని మధ్యలో వదిలేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మొహాల్లో ఆశ చూస్తే, వద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

వీరవేణిని వరస ముందు నిలబెట్టి, ఫారం చేతిలో పట్టుకుని, "మీ విజయానికి కారణం మీ రీతే కదమ్మా? వీళ్ళందరికీ చెప్పండి" అన్నారు సోమరాజుగారు.

వీరవేణి నావైపు చూసి, నిజమే చెప్పింది. "రీతి కాదండి. పిన్నిగారు అడిగి అడిగి చంపేసేరండి. చెప్పలేకపోతే తిట్టేరండి. ఆ తిట్లు తిని మళ్ళీ చెప్పేనండి. అంతేనండి, ఆయ్."

వరసలో ఎవరో నవ్వారు. సోమరాజుగారు నవ్వలేదు. ఆయన మంచి మనిషి, ఏ మాటనీ తేలిగ్గా తీసుకోరు. కలం గడ్డానికి ఆనించుకుని కాసేపు ఆలోచించారు.

"తిట్లు చెవులతోనే విన్నారు కదమ్మా" అని, ఫారం మీద వినికిడి అని రాసుకుని, వరసలో తరవాతి మనిషిని పిలిచారు.